తాతయ్య మెడల్స్: ఫ్లెక్సీ మీద ఏం రాయించాలి?

గూడెం మనవడు:
డిసెంబర్ 16న ఊరి స్కూల్లో మా తాతయ్య ఫొటోకి దండ వేసి, మామ్మకి శాలువా కప్పుతామన్నారు. సంతోషమే. నిన్న ఫ్లెక్సీ డిజైన్ వాట్సాప్‌లో వచ్చింది. ‘వీర చక్ర గ్రహీత’ అని ఉంది! గుండె గుభేలుమంది. తాతయ్య 1971లో ఏఎస్‌సీ (సైన్యానికి సరుకులు చేరవేసే ఆర్మీ సర్వీస్ కోర్) డ్రైవరు. అగర్తల వైపు మందుగుండు లారీ తోలాడు. "నేను తుపాకీ పేల్చలేదురా, క్లచ్ తొక్కాను" అనేవాడు.
ట్రంకుపెట్టెలో మూడు మెడల్స్ దొరికాయి. ఒకటి నక్షత్రం, రెండు గుండ్రంవి. బాగా నల్లబడ్డాయి. చింతపండేసి తోమేద్దామంటోంది మామ్మ. ఇంతకీ ఇవేంటండీ?

రిటైర్డ్ హవల్దార్:
ముందు ఆ చింతపండు లోపల పెట్టించు బాబూ! మెత్తని పొడిగుడ్డతో తుడువు, చాలు.
నక్షత్రం పూర్వీ స్టార్ అయ్యుంటుంది. 71లో తూర్పువైపు పనిచేసినవాళ్ళకి ఇచ్చారు. గుండ్రంవాటిలో ఒకటి 71 యుద్ధ సమయంలో పనిచేసినందుకిచ్చిన సంగ్రామ్ మెడల్, రెండోది 1972లో స్వాతంత్ర్యం పాతికేళ్ళ పండక్కి ఇచ్చింది కావచ్చు. అంచు మీద భూతద్దం పెట్టి చూడు, నంబరు, పేరు ఉంటాయి.
ఇవి సర్వీసులో పనిచేసినందుకు ఇచ్చేవి. వీర చక్ర శౌర్య పతకం, దాని లెక్క వేరు, గెజిట్‌లో పేరు పడుతుంది. ఆ ఫ్లెక్సీ కట్టనివ్వకు. రేపెవడో వెతికి చూస్తే మాట పడేది తాతగారే.
మామ్మగారు మెడల్స్ పెట్టుకుంటానంటే కుడివైపు పెట్టు. ఎడమవైపు ఆయనొక్కడిదే.

మాధవరం అల్లుడు:
మీకు పక్కనే మా అత్తారి ఊరు, మిలిటరీ మాధవరం. మా మామగారూ డ్రైవరే. లారీ రాకపోతే ఫిరంగి ఉత్త ఇనప గొట్టం అనేవారు. ఏఎస్‌సీ డ్రైవర్ అనే రాయించండి, తక్కువేం కాదు.

గూడెం మనవడు:
థాంక్స్ బాబాయ్ గారూ, అన్నా. ఫ్లెక్సీ మార్పించాను. ‘1971 యుద్ధ సైనికుడు, ఏఎస్‌సీ డ్రైవర్’. కమిటీ వాళ్ళు కాస్త మొహం ముడుచుకున్నారు లెండి.
భూతద్దం పెట్టి నంబరు చదువుతున్నాను. మూడంకెలు చదివేసరికి మిగతాది వంటింట్లోంచి మామ్మ చెప్పేసింది. పదిహేనేళ్ళు ఉత్తరాల మీద రాసిన నంబరట.