సాంకేతిక వార్తలు నమ్మకంగా ఎక్కడ చదవాలి?

నల్లబల్ల:
నేను జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. ప్రతి సోమవారం నోటీసు బోర్డు మీద సాంకేతిక రంగానికి సంబంధించిన ఒక కొత్త విషయం రాస్తాను. పిల్లలు చదివి, సాయంత్రానికల్లా ప్రశ్నలతో వస్తారు. అందుకే రాసేది నిజమై ఉండాలని నా పట్టుదల. నా ఫోను చూపించే వార్తల్లో సగం కొత్త ఫోన్ల ధరలు, మిగతా సగం ప్రపంచాన్నే మార్చేస్తాయన్న ఆవిష్కరణలు. 2023 జులైలో దక్షిణ కొరియా పరిశోధకులు ఎల్‌కే-99 అనే పదార్థం గది ఉష్ణోగ్రత దగ్గరే అతివాహకంగా, అంటే విద్యుత్తుకు ఏమాత్రం నిరోధం లేకుండా, పనిచేస్తుందని ప్రకటించినప్పుడు ఎక్కడ చూసినా అదే వార్త. కాదని తేలిన సంగతి మాత్రం ఏ మూలో పడింది. రోజుకు అరగంట కేటాయించగలను. ఏవి చదవమంటారు?

కృష్ణాతీరం:
ఆర్స్ టెక్నికా, ఐఈఈఈ స్పెక్ట్రమ్. రెండూ ఇంగ్లీషే. రెండోది ఇంజినీర్ల సంఘం పత్రిక కాబట్టి మీ పిల్లలకు పనికొచ్చే బొమ్మలు, వివరణలు బాగుంటాయి.

సర్వర్ గది:
మాస్టారూ, ఎల్‌కే-99నే తీసుకుందాం. ఆ పరిశోధకులు తమ వ్యాసాలు పెట్టింది ఆర్కైవ్‌లో. 1991 నుంచి నడుస్తున్న ఆ ఆన్‌లైన్ పరిశోధన వ్యాసాల భాండాగారంలో వ్యాసం కనిపించినంత మాత్రాన సాటి శాస్త్రజ్ఞులు పరిశీలించి ఒప్పుకున్నట్లు కాదు. ఈ సంగతి పాఠకుడికి చెప్పిన పత్రికనే నేను నమ్ముతాను. కొద్ది వారాల్లోనే ఇతర ప్రయోగశాలలు ఆ పదార్థాన్ని తయారుచేసి పరీక్షించాయి. విద్యుత్ నిరోధం ఒక్కసారిగా పడిపోవడానికి అందులో కలిసిన కాపర్ సల్ఫైడ్ మలినమే కారణమని వివరించాయి. మీ బోర్డు మీదకు ఎక్కాల్సింది ఈ రెండో భాగమే. నెల ఆలస్యంగా రాసినా పిల్లలకు నష్టం లేదు, పైగా అతివాహకత పాఠానికి అంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

నా ఉద్యోగంలో మాత్రం అలా ఆగే వీలు లేదు. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు, ఆపరేటింగ్ సిస్టమ్ అయిన లినక్స్‌లో విస్తృతంగా వాడే ఎక్స్‌జెడ్ అనే ఫైళ్ల కుదింపు ప్రోగ్రామ్‌లో ఎవరో దొంగదారి పెట్టారని బయటపెట్టాడు. లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆరా తీస్తే బయటపడిన గుట్టు అది! ఆయన దాన్ని ముందుగా రాసింది ఏ పత్రికలోనూ కాదు, ఓఎస్ఎస్-సెక్యూరిటీ అనే ఈమెయిల్ జాబితాలో. 5.6.0, 5.6.1 కూర్పుల్లోనే ముప్పు ఉందని అక్కడే ఉంది. మా పనికి కావాల్సింది ఆ రెండు అంకెలే. తర్వాత వచ్చిన చాలా కథనాల్లో భయం ఉంది, అంకెలు లేవు.

కాబట్టి ఏ వార్త చూసినా దాని మూలానికి లంకె ఇచ్చారా అని చూడండి. లంకె లేకపోతే వదిలేయండి. లినక్స్ లోతుపాతులకు ఎల్‌డబ్ల్యూఎన్ అనే వెబ్ పత్రిక చదవండి. చందా కట్టనివారికి వ్యాసాలు కొంత ఆలస్యంగా తెరుచుకుంటాయి, మీకు ఆ ఆలస్యం సమస్య కాదు. సైబర్ నేరాల వార్తలకు విలేకరి బ్రయాన్ క్రెబ్స్ సైటు. ఇక సాంకేతిక వార్తల లంకెలు పంచుకుని చర్చించే హ్యాకర్ న్యూస్‌లో నాకు వార్తకంటే దాని కింద జరిగే చర్చే విలువైనది. ఆ పనిలో ఉన్నవాళ్లే వచ్చి తప్పులు దిద్దుతుంటారు.

వరంగల్లు పాఠకురాలు:
మన దేశపు విధానాల కోసం మీడియానామా చదవండి. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం లాంటి వాటిని వివరంగా పరిశీలిస్తారు. టెలికాం సంగతులైతే ఆ రంగపు నియంత్రణ సంస్థ ట్రాయ్ సంప్రదింపు పత్రాలు నేరుగా చదవవచ్చు, కష్టమేమీ కాదు. 2016లో రెండు వేల నోటులో చిప్ ఉందని కొన్ని టీవీ ఛానెళ్లు చెప్పిన రోజుల్లో రిజర్వు బ్యాంకు సైటులోని నోటు వివరాలు చదివినవారెవరూ మోసపోలేదు. అందులో చిప్ ఊసే లేదు.

నల్లబల్ల:
అందరికీ ధన్యవాదాలు. ఇన్ని సైట్లను రోజూ ఒక్కొక్కటిగా తెరవకుండా ఒకే చోట చూసే మార్గముందా?

సర్వర్ గది:
ఉంది, ఆర్ఎస్ఎస్ ఫీడ్, అంటే సైటులో కొత్తగా వచ్చిన వ్యాసాల జాబితాను మనకు అందించే ఏర్పాటు. వాటిని ఒకచోట చూపించే గూగుల్ రీడర్ 2013లో మూతపడినా ఫీడ్లు పోలేదు. అలాంటిదే అయిన ఫీడ్లీలో ఖాతా తెరిచి సైటు చిరునామా ఇస్తే చాలు, కొత్త వ్యాసాలు తేదీల వరసలో వస్తాయి. ఆర్కైవ్‌లో అతివాహకతకు విడిగా ఒక విభాగం ఉంది, దాని ఫీడ్ కూడా కలుపుకోండి. మొదట మూడు సైట్లతో మొదలుపెట్టండి మాస్టారూ, అరగంటకు అంతకంటే ఎక్కువ పట్టవు.