వింటేజ్ కార్ల విలువ తరం మారినా నిలుస్తుందా? (చర్చ)

స్టెప్నీ: 1930ల బండ్లంటే పడిచచ్చే తరం వయసైపోతోంది. తర్వాతి వాళ్ళ మోజంతా 1990ల కార్ల మీద. ఈ పరిస్థితిలో పాతవి కొని అట్టిపెట్టుకుంటే రేపు కొనేవాడు దొరుకుతాడా? లెక్క తెలిసినవాళ్ళు చెప్పండి. "మా తాతగారి కారు" కథలు వద్దండీ.

చాసిస్ నంబర్: అన్నిటినీ ఒకే గాటన కట్టకండి. ఫోర్డ్ మోడల్-ఎ 1927-31 మధ్య దాదాపు 48 లక్షలు తయారైంది. చిన్నప్పుడు వీధిలో చూశామన్న మమకారమే దాని గిరాకీలో పెద్ద భాగం. చూసినవాళ్ళు పోతే గిరాకీ కూడా పోతుంది. అమెరికన్ విలాసపు కారు డ్యూసెన్‌బర్గ్ మోడల్-జె అలా కాదు. తయారైనవే 480 చిల్లర, మామూలు కుటుంబాల్లో ఎవరి దగ్గరా లేదు. ఫెరారీ 250 జీటీవో 1962-64లో 36 మాత్రమే. తక్కువ సంఖ్య, రేసు చరిత్ర, రూపం: వీటికి ఎవరి జ్ఞాపకాలతోనూ పనిలేదు.

డబుల్ క్లచ్: ర్యాలీ అర్హత మాట మరిచారు. ఇంగ్లండ్‌లో పాత కార్లకి జరిగే లండన్-బ్రైటన్ పరుగులోకి 1905కి ముందు తయారైనవే రానిస్తారు. అందుకే ఎత్తు కనిపిస్తే ఆయాసపడే సింగిల్ సిలిండర్ బండికి కూడా గిరాకీ ఉంది. ఇటలీలోని మిల్లే మిలియా ర్యాలీకి, అదే పేరుతో 1927-57 మధ్య జరిగిన రేసులో పాల్గొన్న మోడల్ అయ్యుండాలి. కొన్నాక దాంతో ఏం చేయొచ్చన్నదే కొత్త తరం ముందు అడిగే ప్రశ్న.

నడపడం రాకపోవడం కూడా ధరను తగ్గిస్తుంది. ఫోర్డ్ మోడల్-టిలో ఎడమ పెడల్ గేరుకి, మధ్యది రివర్సుకి, కుడిది బ్రేకుకి. యాక్సిలరేటర్ స్టీరింగ్ కింద మీట. మామూలు కారు అలవాటున్న కాలు కంగారులో తప్పు పెడల్ తొక్కుతుంది.

కార్బ్యురేటర్: లెక్క నేను చెప్తాను. 20 ఏళ్ళలో ధర రెట్టింపైందని మురిసిపోతారు. అది ఏడాదికి మూడున్నర శాతమే, ద్రవ్యోల్బణానికే సరిపోతుంది. పైగా వేలంలో కొనేవాడి మీద 10, అమ్మేవాడి మీద 10 శాతం కమిషన్ అనుకోండి. 100కి పాట ఆగితే మీకు పడేది 110. ఆ 110 తిరిగి చేతికి రావాలంటే రేపు పాట 122 దాటాలి. బీమా, షెడ్డు, టైర్లు ఇందులో కలపలేదు. పూర్తి రెస్టరేషన్ (విడదీసి మళ్ళీ కొత్తదానిలా చేయడం) చేయిస్తే మామూలు మోడల్‌కి ఆ ఖర్చు ఎప్పటికీ రాదు. ఎవరో చేయించి నష్టానికి అమ్ముతున్నదాన్ని కొనడం మేలు.

స్టెప్నీ: అయితే 1990లవి కొనడమే నయమా? వాటికి ఇప్పుడు ఊపుంది కదా.

డబుల్ క్లచ్: ఊపు ఉంది, నిజమే. 25 ఏళ్ళు నిండితే అమెరికాలోకి దిగుమతికి అడ్డు ఉండదు కాబట్టి 1989 నాటి నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్‌కి 2014లో ఆ దారి తెరుచుకుంది. కానీ కార్బ్యురేటర్ జెట్టుని (పెట్రోలు వెళ్ళే సన్న రంధ్రమున్న ముక్క) లేతు మీద చేయించుకోవచ్చు, కాలిపోయిన ఈసీయూని (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) చేయించుకోలేం. లోపలి కెపాసిటర్లు కారి బోర్డుని తినేస్తాయి. మెక్‌లారెన్ ఎఫ్1 తయారైనవి 106. అంతటి కారుకీ సర్వీసింగ్ కోసం ఏళ్ళ తరబడి 1990ల నాటి కాంపాక్ ల్యాప్‌టాప్‌నే నమ్ముకున్నారు.

చాసిస్ నంబర్: ఏ కాలానిదైనా ఒరిజినల్ ఇంజన్ ఉందో లేదో ముందు చూడండి. ఇంజన్ బ్లాకు మీద పోత పోసిన తేదీ కారు తయారీ తేదీకన్నా ముందుండాలి. తర్వాతిదైతే ఇంజన్ మార్చినట్టే. ఇంజన్ నంబరు కొట్టిన చోట టార్చి పక్కవాటుగా వేయండి. ఫ్యాక్టరీలో చదును చేసినప్పుడు పడ్డ సన్నటి సమాంతర గీతలు చాలా అమెరికన్ ఇంజన్లలో కనిపిస్తాయి. అక్కడ మాత్రమే నున్నగా ఉంటే గ్రైండ్ చేసి మళ్ళీ కొట్టారని అర్థం. పాత బిల్లులు, రిజిస్ట్రేషన్ కాగితాలు, విడదీసినప్పటి ఫొటోలు ఉన్న ఫైలు కారుతో పాటే రావాలి. వారసులు ఇల్లు సర్దుతూ చిత్తుకాగితాలని పారేసేది సరిగ్గా ఆ ఫైలునే.

స్టెప్నీ: మరి ఊరికే నిలబెట్టి ఉంచితే?

కార్బ్యురేటర్: నిలబెట్టడమే దాన్ని చంపేస్తుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమ పీలుస్తుంది, పాత రబ్బరు గొట్టాల్ని మెత్తబరుస్తుంది. ఇథనాల్‌ని తట్టుకునే గొట్టాలు వేయించి, కార్బ్యురేటర్‌లో పెట్రోలు నిలిచే గిన్నె (ఫ్లోట్ బౌల్) ఖాళీ చేసి పెట్టండి. బ్రేక్ ఫ్లూయిడ్ రెండేళ్ళకోసారి మార్చాలి, లేకపోతే లోపల తుప్పు పట్టి చక్రాల దగ్గరి బ్రేకు సిలిండర్లు బిగుసుకుపోతాయి. షెడ్డులో తేమ 50 శాతం దగ్గర ఉంచండి. మరీ పొడిగా ఉంటే చెక్క ఫ్రేము, తోలు సీట్లు పగుళ్ళిస్తాయి. వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తుంటారు చాలామంది, దానికన్నా అసలు ముట్టుకోకపోవడమే నయం. ఆయిల్ వేడెక్కదు, సైలెన్సర్‌లో నీరు చేరుతుంది. నెలకోసారి 20-30 కిలోమీటర్లు తిప్పండి.

టైరు గీతలు లోతుగా ఉన్నాయని నమ్మకండి. టైరు పక్కన అచ్చువేసిన డాట్ (DOT) కోడ్ చివరి నాలుగంకెలు చూడండి: 2309 అంటే 2009లో 23వ వారం. అలాంటి టైర్లతో అమ్ముతుంటే ఐదు కొత్త టైర్ల ఖర్చు ధరలో తగ్గించి అడగండి, మీ పేరున్నదాన్ని కూడా కలిపి 😄

స్టెప్నీ: కలిపే అడుగుతా మాస్టారూ.