పాప పోస్టర్‌కి జాక్ కూంబ్స్ గురించి కాస్త చెప్తారా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. మేం నార్త్ కరొలైనాలోని కేరీలో ఉంటాం. ప్రొఫెషనల్ బేస్‌బాల్ ఆడి, తర్వాత కాలేజీ కోచ్ అయిన పాతతరం ఆటగాడి మీద మా పాప పోస్టర్ చేయాలి. డ్యూక్ యూనివర్సిటీ మైదానానికి జాక్ కూంబ్స్ పేరుందని ఆయన్ని ఎంచుకుంది. నాకు క్రికెట్ తప్ప ఏమీ తెలీదు. 31–9, 1.30 అని ఏవో అంకెలు చూసి టెన్షన్ పడుతున్నాను. ఎల్లుండే ఇవ్వాలి.

జవాబు: పాప మంచి మనిషిని పట్టుకుందండీ. ఆయన పిచర్, అంటే బంతి విసిరేవాడు. 1910లో ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్ తరఫున 31 గెలుపులు, 9 ఓటములు ఆయన ఖాతాలో పడ్డాయి. 1.30 అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కి, అంటే ఒక పూర్తి మ్యాచ్‌కి సగటున ఇచ్చిన పరుగులు. ఫీల్డర్ల పొరపాట్లతో వచ్చినవి ఇందులో కలపరు. మన బౌలింగ్ సగటులాగే, ఎంత తక్కువుంటే అంత గొప్ప. ఆ ఏడాదే ప్రత్యర్థికి ఒక్క పరుగూ ఇవ్వకుండా 13 మ్యాచ్‌లు ముగించారు. రెండు పెద్ద లీగ్‌ల విజేతలు తలపడే ఫైనల్ సిరీస్ అయిన వరల్డ్ సిరీస్‌లో షికాగో కబ్స్ మీద మూడు మ్యాచ్‌లు గెలిపించారు.

కానీ పోస్టర్ మధ్యలో 1906 సెప్టెంబర్ 1 నాటి మ్యాచ్ పెట్టమనండి. బేస్‌బాల్‌లో ఒక్కో ఇన్నింగ్స్‌లో రెండు జట్లూ బ్యాటింగ్ చేస్తాయి, ముగ్గురు అవుటైతే వంతు మారుతుంది. మామూలుగా తొమ్మిదితో ఆట అయిపోతుంది, స్కోరు సమమైతే తేలేదాకా సాగుతుంది. ఆ రోజు బోస్టన్‌తో స్కోరు 1–1 దగ్గర ఆగిపోయి 24 ఇన్నింగ్స్ దాకా సాగింది. అన్నీ కూంబ్స్ ఒక్కరే వేశారు! అవతల జో హారిస్ కూడా అంతే. చివరికి 4–1తో ఫిలడెల్ఫియా గెలిచింది. కూంబ్స్ అదే ఏడాది మెయిన్ రాష్ట్రంలోని కోల్బీ కాలేజీలో డిగ్రీ పూర్తి చేసి జట్టులోకి వచ్చిన కుర్రాడు. హారిస్ పేరు కూడా రాయించండి, ఓడినా ఆయన పడ్డ కష్టం తక్కువేం కాదు.

ప్రశ్న: చాలా థాంక్స్ అండీ. మరి కోచ్ ఎలా అయ్యారు?

జవాబు: 1913లో టైఫాయిడ్ వచ్చి చాలా దెబ్బతిన్నారు. అయినా కోలుకుని బ్రూక్లిన్‌కి ఆడారు. 1916 వరల్డ్ సిరీస్‌లో బ్రూక్లిన్ గెలిచిన ఒకే ఒక్క మ్యాచ్ ఆయన వేసిందే. ఆట మానేశాక కొన్ని కాలేజీల్లో నేర్పి, 1929లో డ్యూక్‌కి వచ్చి 1952 దాకా అక్కడే ఉన్నారు. చివరి ఏడాది జట్టు కాలేజ్ వరల్డ్ సిరీస్‌కి, అంటే కాలేజీ జట్ల జాతీయ పోటీకి వెళ్లింది. ఆ జట్టులోని డిక్ గ్రోట్ తర్వాత పిట్స్‌బర్గ్‌కి ఆడి, 1960లో రెండు పెద్ద లీగ్‌లలో ఒకటైన నేషనల్ లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడయ్యాడు. నాకైతే 31 గెలుపుల కంటే ఈ 24 ఏళ్లే ఎక్కువ అనిపిస్తాయి. పోస్టర్‌లో సగం చోటు వీటికి ఇవ్వమనండి.

మరొకరు: ఫొటోలకి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైట్‌లో ఆయన పేరుతో వెతకండి అక్కా. ఏ ఫొటో ఏ జట్టుదో చూసుకుని కింద ఏడాదితో సహా రాయించండి.