సీస్మిక్ చూసి ఇసుక పొరల మోడల్ కట్టడం: ఎంతవరకు నమ్మొచ్చు?

కోర్‌పెట్టె:
సీస్మిక్ అంటే భూమిలోకి తరంగాలు పంపి తిరిగొచ్చే ప్రతిధ్వనుల రికార్డు, దాన్ని రాతి గుణాల అంకెలుగా మార్చే లెక్క ఇన్వర్షన్. ఆ ఇన్వర్షన్ వాల్యూమ్‌ను నేరుగా రిజర్వాయర్ (చమురు, గ్యాస్ ఉండే రాయి) మోడల్లో పోసి, పసుపు రంగంతా ఇసుక, బూడిద రంగంతా షేల్ (ద్రవాల్ని ఆపే బంకరాయి) అని చూపించడం ఈ మధ్య మామూలైపోయింది. ఒక లెక్క చూడండి. ఆ లోతులో వేగం సెకనుకు 3000 మీటర్లు, సిగ్నల్ 30 హెర్ట్జ్ అనుకుంటే తరంగదైర్ఘ్యం 100 మీటర్లు. అందులో నాలుగో వంతు, అంటే 25 మీటర్ల కంటే పల్చని పొరకు పైఅంచు, అడుగు విడివిడిగా తెలియవు. పాత నదీ కాలువలు ఒకదాన్నొకటి కోసుకుంటూ పేరిన చోట ఒక్కో కాలువ 5 మీటర్లే ఉండొచ్చు, మధ్యలో అర మీటరు షేల్ అడ్డం పడుతుంది. కనపడని షేల్‌ను మోడల్లో ఎక్కడ పెడతారు?

తరంగం:
25 మీటర్లు విడదీసి చూసే హద్దు, పసిగట్టే హద్దు కాదండీ. అంతకంటే పల్చబడితే ఆంప్లిట్యూడ్ (తిరిగొచ్చే తరంగం బలం) మందంతో పాటు తగ్గుతూ వస్తుంది. ఆ తగ్గుదల నుంచే నికర ఇసుక (షేల్ తీసేయగా మిగిలే ఇసుక మందం) అంచనా వేస్తాం. జియోఫిజిసిస్ట్ విడెస్ 1973లోనే తరంగదైర్ఘ్యంలో ఎనిమిదో వంతు దాకా లెక్క కట్టాడు. మీ లాగ్ (బావిలోకి పరికరం దింపి తీసే కొలత) 15 సెంటీమీటర్లకొక రీడింగ్ ఇస్తుంది, కాదనను. కానీ బావికీ బావికీ మధ్య కిలోమీటరు ఉంటే ఆ మధ్యలో కాలువ ఎటు తిరిగిందో లాగ్ చెప్పదు. 3డీ సర్వేలో 25 మీటర్లకో, ఇంకా దగ్గరగానో ఒక ట్రేస్ (ఆ చోటి తరంగ రికార్డు) ఉంటుంది.

కోర్‌పెట్టె:
ఆ ఎనిమిదో వంతు నాయిస్ లేని కాగితం మీద. పైగా ఆంప్లిట్యూడ్ తగ్గేది పొర పల్చబడినందుకేనా? ఇసుకలో బంకమట్టి పెరిగినా తగ్గొచ్చు, ఫ్లూయిడ్ మారినా మారొచ్చు.

కొత్తగా_చేరాను:
ఇన్వర్షన్ చేశాక ఇంపెడెన్స్ వస్తుంది కదా, అది రాయి గుణమే కదా? ఇక గొడవ దేనికి?

కోర్‌పెట్టె:
మంచి ప్రశ్న. ఇంపెడెన్స్ అంటే సాంద్రత, వేగం గుణిస్తే వచ్చేది. నిజంగానే రాయి గుణం. కానీ ఇన్వర్షన్ ఇచ్చే అంకెలో సుమారు 8-10 హెర్ట్జ్ కింది భాగం మామూలు సీస్మిక్‌లో ఉండదు. దాన్ని బావుల లాగ్‌ల నుంచి గీసి కలుపుతారు. ఆనక అవే బావుల దగ్గరకొచ్చి "చూశారా, ఎంత బాగా సరిపోయిందో" అంటారు. బావుల్లోంచి తీసింది బావుల దగ్గర సరిపోకేం చేస్తుంది?

తరంగం:
అందుకే ఒక బావిని లెక్కలోకి తీసుకోకుండా పక్కనపెట్టి, ఆనక దానితో సరిచూసే బ్లైండ్ టెస్ట్ చేస్తాం.

కోర్‌పెట్టె:
ఏ బావిని? నాలుగు బావుల నడుమ ఉన్నదాన్నా, ఫీల్డ్ అంచున ఒంటరిగా ఉన్నదాన్నా? నేను చూసిన ప్రతిసారీ మొదటి రకమే.

బురదపంపు:
మాకు ఒకసారి మెరిసిపోతున్న ఆంప్లిట్యూడ్ చూపించి తవ్వమన్నారు. తవ్వాం. ఇసుక ఉంది, గ్యాస్ కూడా ఉంది, కానీ పేరుకే. మిగతాదంతా నీళ్లు. చివరి రిపోర్టులో మాత్రం మా డ్రిల్లింగ్ ఆలస్యం గురించే రెండు పేజీలు రాశారు.

తరంగం:
అది ఇసుక మోడల్ తప్పు కాదు. కొద్దిపాటి గ్యాస్ చేరినా పీ-తరంగ (రాతిని నొక్కుతూ సాగే తరంగం) వేగం నిండా గ్యాస్ ఉన్నంతగా పడిపోతుంది. రాతి రంధ్రాల్లో ద్రవం మారితే వేగం ఎలా మారుతుందో చెప్పే గాస్‌మన్ 1951 సమీకరణాల నుంచే తెలిసిన సంగతి. తేడా సాంద్రతలో ఉంటుంది, దాన్ని సీస్మిక్ నుంచి రాబట్టడం కష్టం. దీన్ని ఇక్కడికి లాగకండి.

బురదపంపు:
తెలిసిన సంగతైతే తవ్వకముందు చెప్పాల్సింది.

గ్రిడ్‌గణపతి:
స్లైప్నర్ గ్యాస్ ఫీల్డ్ సంగతి ఎవరూ ఎత్తలేదేం? ఉత్తర సముద్రంలో నార్వే వైపు. 1996 నుంచి ఉట్సిరా అనే ఇసుక పొరలోకి కార్బన్ డయాక్సైడ్ ఎక్కించారు. ఇసుక లోపల మీటరు మందం షేల్ పొరలున్నాయని లాగ్‌లలో కనిపించింది. 1994 నాటి మొదటి సర్వేలో మాత్రం వాటిని గీయడం కుదరలేదు. 1999లో మళ్లీ సర్వే చేస్తే, ఎక్కించింది ఒక్కో షేల్ కింద ఆగి పరుచుకుని తొమ్మిది పొరలుగా మెరిసింది.

కోర్‌పెట్టె:
నేననేదీ అదే! ప్రవాహాన్ని శాసించిన షేల్ ఎక్కించకముందు కనపడలేదు.

తరంగం:
నేననేదీ అదే! చివరికి చూపించింది సీస్మిక్కే. మీకు మొదటినుంచీ సీస్మిక్ వాళ్లంటే చులకన, అది ఒప్పేసుకోండి, ఓ పనైపోతుంది.

కోర్‌పెట్టె:
గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది. చులకన కాదు, మంట. నేను పనిచేసిన ఒకచోట రంగుల బొమ్మ ఒక్కటే స్లైడ్ మీద పెట్టి మూడు బావులకు ఆమోదం తీసుకున్నారు. బావుల్లో ఇసుక ముక్కలుముక్కలుగా తగిలింది. అప్పుడు "లాగ్ వాళ్లు కట్-ఆఫ్ (ఏది ఇసుకో తేల్చే హద్దు అంకె) తప్పు పెట్టారు" అని మామీదకు తోశారు.

తరంగం:
ఆ ఒక్క బొమ్మ మేం పంపిందే అనుకుంటున్నారా? మేం పంపేది ఇసుక ఉండే సంభావ్యత: ఇక్కడ 0.7, అక్కడ 0.4 అని. మోడల్ కట్టేవాళ్లు దాన్ని 0.5 దగ్గర కోసి అటు ఇసుక, ఇటు షేల్ చేసేస్తారు. 0.55 ఉన్న సెల్లూ (మోడల్లోని గడి), 0.95 ఉన్న సెల్లూ ఒకటే అయిపోతాయి. ఆ కోతతో కాలువలన్నీ అతుక్కుని ఒకే పెద్ద ఇసుక ముద్దగా కనిపిస్తాయి.

గ్రిడ్‌గణపతి:
కోసేది మేమే, సరే. ప్రవాహాన్ని కంప్యూటర్లో నడిపి చూసే సిమ్యులేషన్ వాళ్లు ఒక్క గ్రిడ్ (గడుల మోడల్) అడుగుతారు, అదీ సోమవారానికి. వంద రియలైజేషన్లు (డేటాకు సరిపడే వేర్వేరు మోడళ్లు) చేసిస్తే అందులో "బాగున్నది ఒకటి" ఏరుకుని మిగతావి మూలన పడేస్తారు. హాస్ - డ్యూబ్రూల్ 1994లోనే ఇలా ఎన్నో మోడళ్లు కట్టే జియోస్టాటిస్టికల్ ఇన్వర్షన్ దారి చూపించారు. పద్ధతి లేక కాదు, చూసే ఓపిక లేక.

కోర్‌పెట్టె:
వంద చేసినా నా గొడవ తీరదు. ఆ వందలోనూ వేవ్‌లెట్ (సిగ్నల్ ఆకారం) ఒకటే, వేరియోగ్రామ్ (దూరంతో రాయి ఎంత మారుతుందన్న కొలత) ఒకటే, "ఇది నదీ కాలువే" అన్న ఊహా ఒకటే. పైకి వంద, లోపల ఒకటి. ఆ వంద మధ్య తేడా చూపించి "అనిశ్చితి ఇంతే" అనడం ఒక్క బొమ్మ చూపించడం కంటే ప్రమాదం. డెల్టా ముఖద్వారం ఇసుకతిన్నెలని ఇంకో ఊహతో కట్టిన మోడల్ ఎప్పుడైనా చేశారా?

తరంగం:
అది కోర్ (బావిలోంచి తీసిన రాతి కడ్డీ) చూసినవాళ్లు చెప్పాలి. కోర్ మీ దగ్గరుంది. నాకొచ్చింది లాగ్ ఫైలు, కింద "ఇసుక" అని ఒక ముక్క. రెండు ఊహలు రాసివ్వండి, ఏది ఎంత నమ్ముతారో అంకె కూడా వేయండి, రెంటికీ విడివిడిగా ఇన్వర్షన్ నడుపుతాను.

కోర్‌పెట్టె:
ఊహలు రాస్తాను. అంకె వేయను. వేశానంటే రేపు అదొక్కటే స్లైడ్ ఎక్కుతుంది.

తరంగం:
అంకె లేకుండా రెండు మోడళ్లకు ఎంత బరువివ్వాలి? చెరి సగమా?

బురదపంపు:
చెరి సగమంటే సగం బావి తవ్వమంటారా?