అమ్మకు మూడు నెలలుగా వాసన తెలియడం లేదు, బామ్ మాత్రం తెలుస్తోంది. ముక్కా, నరమా?

భైరాగిపట్టెడ_వాసి:
అమ్మకు 58 ఏళ్లు. సుగర్ మాత్రలు వేసుకుంటుంది. మూడు నెలల కిందట జ్వరం, జలుబు వచ్చి వారంలో తగ్గాయి. అప్పటినుంచి తాళింపు మాడినా తెలియడం లేదు. నోటికి రుచి పోయిందంటుంది గానీ చారులో ఉప్పు తక్కువైతే వెంటనే చెప్పేస్తుంది. ముక్కు దిబ్బడ లేదు. బామ్ తెలుస్తోంది, తీర్థంలో పచ్చకర్పూరం తెలుస్తోంది, కాఫీ పొడి మాత్రం సున్నా. "బామ్ తెలుస్తోంది కదా, ముక్కు బాగానే ఉండాది" అంటున్నారు ఇంట్లో. మందుల షాపులో జింక్ మాత్రలు, ముక్కు దిబ్బడ చుక్కలు ఇచ్చారు. ఎవరికి చూపించాలి, ఏ పరీక్షలు కావాలి? పగలంతా ఒక్కతే వంటింట్లో ఉంటుంది, గ్యాస్ గురించి కూడా భయంగా ఉంది.

ముక్కు_చెవి_గొంతు:
ముందు ఆ బామ్ సంగతి తేల్చుకుందాం అన్నా. బామ్, కర్పూరం, పుదీనా, కోసిన ఉల్లిపాయ, వీటితో వాసన పరీక్షించకూడదు. వాటి చలవను, ఘాటును పట్టుకునేది ముఖానికి స్పర్శనిచ్చే ట్రైజెమినల్ నరం. వాసన నరం పూర్తిగా పోయినవాళ్లకు కూడా అవి "తెలుస్తాయి". ఉప్పు విషయమూ అంతే. ఉప్పు, పులుపు, తీపి, చేదు నాలుక పని, అది బాగానే ఉంది. తోతాపురికీ బంగినపల్లికీ తేడా చెప్పేది నోట్లోంచి గొంతు వెనకగా ముక్కు పైకి ఎక్కే వాసన. అమ్మకు పోయింది అది.

ఇంట్లో ఇలా చూడండి. కళ్లు మూయించి, ఒక ముక్కు రంధ్రం వేలితో మూసి, కాఫీ పొడి, ఏలకుల పొడి, నెయ్యి, ఒంటి సబ్బు ఒక్కోటి దగ్గర పెట్టండి. మధ్యలో ఒక ఖాళీ గిన్నె కూడా పెట్టండి, ఊహించి చెప్పేవాళ్లు అక్కడ దొరికిపోతారు. రెండో రంధ్రానికి మళ్లీ చేసి, తేదీ వేసి రాసి పెట్టుకోండి. డాక్టరుకు "కొంచెం తెలుస్తోంది" కన్నా ఆ కాగితం ఎక్కువ చెబుతుంది.

కారణం సగం మాటల్లోనే తేలుతుంది. వాసన ఒక రోజు వచ్చి ఒక రోజు పోతుంటే, తుమ్ములు, దిబ్బడ ఉంటే, దారి మూసుకుపోయిందని అనుమానించాలి: అలర్జీ, సైనస్, ముక్కులో పాలిప్స్ (లోపల పెరిగే మెత్తటి కండ). వీటికి వైద్యం చేస్తే వాసన తిరిగొచ్చే అవకాశం బాగా ఉంటుంది. జలుబుతో పోయి, జలుబు తగ్గి ముక్కు ఖాళీగా ఉన్నా రాకపోతే, మీ అమ్మ విషయంలోలాగా, వైరస్ ముక్కు పైభాగంలోని వాసన పొరను దెబ్బతీసిందని అర్థం. ఆ కణాలు మళ్లీ పుట్టగలవు, కానీ నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాటుతుంది. బండి మీంచి పడి తలకు దెబ్బ తగిలాక పోతే మాత్రం కోలుకోవడం కష్టం. పుర్రె అడుగున జల్లెడలాంటి ఎముక ఉంటుంది, సన్నని నరాలు దాని కన్నాల దగ్గరే తెగిపోతాయి.

మొదట ఈఎన్‌టీకి చూపించాలి. తిరుపతిలో రుయా ప్రభుత్వాసుపత్రి ఓపీ ఉంది, చిత్తూరు వైపు వాళ్లు వేలూరు సీఎంసీకి పోతుంటారు. ఎక్కడైనా ఒకటి అడగండి: నేసల్ ఎండోస్కోపీ చేసి (సన్నని కెమెరా గొట్టంతో ముక్కు లోపల చూడడం), వాసన పొర ఉండే పై సందును చూశారా అని. టార్చి వేసి ముందు నుంచి చూస్తే ఆ సందు కనబడదు, అక్కడి చిన్న పాలిప్స్ దొరకవు. సైనస్ అనుమానం ఉంటేనే సీటీ. కారణం ఏదీ తేలకపోయినా, తలకు దెబ్బ తగిలినా, నరాల లక్షణాలు ఉన్నా ఎంఆర్‌ఐ. జలుబుతోనే మొదలైందని స్పష్టంగా ఉంటే అందరికీ ఎంఆర్‌ఐ అక్కర్లేదు.

షాపువాళ్లు ఇచ్చిన చుక్కలు ఆక్సీమెటాజోలిన్ లేదా జైలోమెటాజోలిన్ రకం అయితే ఆపేయండి. దిబ్బడే లేనప్పుడు వాటితో పని లేదు. అయిదు రోజులు దాటి వాడితే చుక్క వెయ్యకపోతే ముక్కు తెరుచుకోని పరిస్థితి వస్తుంది. జింక్ లోపం లేనివాళ్లకు జింక్ మాత్రలతో వాసన వస్తుందని గట్టి ఆధారం లేదు. ముక్కులో పూసే జింక్ జెల్ అయితే వాసననే పోగొడుతుందని అమెరికా ఎఫ్‌డీఏ 2009లోనే హెచ్చరించింది. స్టెరాయిడ్ మాత్రలు మాత్రం సొంతంగా వద్దు. సుగర్ ఉన్నవాళ్లకు ఒక్క రోజులో షుగర్ రీడింగ్ ఎగిరిపోతుంది.

ఆగకుండా వెళ్లాల్సినవి కొన్ని ఉన్నాయి. ఒకవైపే దిబ్బడ లేదా రక్తం, దెబ్బ తర్వాత ముక్కులోంచి నీళ్లలా ఉప్పగా కారడం, సుగర్ ఉన్నవాళ్లకు ముక్కులో నల్లటి పొక్కు, కంటి చుట్టూ వాపు. సుగర్ ఉన్నవాళ్లలో ఆ నల్లటి పొక్కు, కంటి వాపు ఫంగస్ కావచ్చు, అది గంటల లెక్క.

వాసన_సాధన:
పై అన్న చెప్పినదానికి తోడు, వైరస్ తర్వాతి నష్టానికి ఇంట్లో చేసుకోగలిగింది వాసన సాధన. జర్మనీలోని డ్రెస్డెన్‌లో థామస్ హుమ్మెల్ బృందం 2009లో ప్రచురించిన పద్ధతి ఇది. వాసనలు నాలుగు: గులాబి, నీలగిరి, నిమ్మ, లవంగం. మందు కాదు, వ్యాయామం. వారంలో ఫలితం చూసేవాళ్లు మధ్యలో వదిలేస్తారు, ఫెయిలయ్యేది ఎక్కువగా అక్కడే.

నాలుగు చిన్న గాజు సీసాలు తీసుకోండి, రంగు గాజైతే మేలు. ఒక్కోదాంట్లో దూది పెట్టి 1 మి.లీ. నూనె పోసి పేరు రాయండి. అసలు నూనెలే కొనండి. అగరొత్తులు, పొగ, రూమ్ స్ప్రే వద్దు, ముక్కు పొరను రేపుతాయి. నూనె ముక్కులో వెయ్యకూడదు, చర్మానికి పూయకూడదు. వాసన పలచబడితే దూది మార్చండి.

పొద్దున కాఫీకి ముందు ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి. సీసా ముక్కుకు రెండు వేళ్ల దూరంలో పట్టుకుని, బలంగా లాగకుండా చిన్న చిన్నగా 20 సెకన్లు పీల్చాలి. ఆ సేపు మనసు దాని మీదే ఉండాలి: లవంగం అయితే బిరియాని గిన్నె మూత తీసినప్పటి వాసన గుర్తు చేసుకోమనండి. టీవీ చూస్తూ చేస్తే లెక్కలోకి రాదు. అర నిమిషం ఆగి తర్వాతి సీసా. మొత్తం మూడు నిమిషాలు. కనీసం 12 వారాలు, వీలైతే ఆరు నెలలు, ఇంకా ఎక్కువైతే ఇంకా మంచిది. 12 వారాలకు నాలుగూ మార్చేయొచ్చు: మల్లె, కమలా తొక్క, పుదీనా, వాము. విదేశాల్లో థైమ్ అనే ఆకు వాడతారు. దాని ఘాటు థైమాల్‌ది, మన వాములోనూ అదే థైమాల్, కాబట్టి వెతుక్కోనక్కర్లేదు.

భైరాగిపట్టెడ_వాసి:
చాలా థ్యాంక్స్ అన్నా. ఒక అనుమానం. కర్పూరంతో పరీక్షించొద్దన్నారు, నీలగిరి కూడా చల్లగానే తగులుతుంది కదా, సాధనలో ఎందుకు పెట్టారు? ముక్కు కడగడం కూడా చెయ్యొచ్చా?

వాసన_సాధన:
సరిగ్గా పట్టుకున్నారు. నీలగిరిలో చలవా ఉంది, వాసనా ఉంది. పరీక్షకు అది మోసం చేస్తుంది, సాధనకు అడ్డం కాదు. అయితే మెరుగుదలను దానితో కొలవకండి. గులాబి చూడండి, అందులో ఘాటు దాదాపు లేదు. గులాబి తెలిసిన రోజే లెక్క.

కడగడం ముక్కులో చీమిడి, అలర్జీ ఉన్నవాళ్లకు పనికొస్తుంది, ఖాళీ ముక్కుకు దానితో పెద్ద లాభం ఉండదు. డాక్టరు చెప్పి చేసేటట్టయితే, 240 మి.లీ. నీళ్లు మరగబెట్టి గోరువెచ్చగా చల్లార్చి, అర టీస్పూను అయోడిన్ లేని ఉప్పు, చిటికెడు వంటసోడా కలపాలి. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు నేరుగా వద్దు. మెదడుకు ఎక్కే అమీబా ముక్కు గుండానే వెళ్తుంది. కొందరు డాక్టర్లు ఇదే నీళ్లలో 0.5 మి.గ్రా. బుడెసొనైడ్ అనే స్టెరాయిడ్ మందు కలపమంటారు. అది వాళ్లు రాసిస్తేనే. డాక్టరు ముక్కు స్ప్రే రాస్తే తల కొంచెం వంచి, కుడి రంధ్రానికి ఎడమ చేత్తో, చెవి వైపు గురిపెట్టి కొట్టమనండి. మధ్య గోడకు కొడితే రక్తం వస్తుంది.

పాలమనేరు_వంటిల్లు:
గ్యాస్ విషయం ఈరోజే చూడండి అక్కా/అన్నా, సాధన ఫలితం వచ్చేదాకా ఆగేది కాదు. వంటగ్యాస్‌కు సొంతంగా వాసన ఉండదు, కనిపెట్టడానికే ఇథైల్ మెర్కాప్టాన్ కలుపుతారు. అమ్మకు ఆ హెచ్చరిక లేనట్టే. ఎల్‌పీజీ గాలికన్నా బరువు, కిందికి దిగుతుంది. అందుకే గ్యాస్ లీకును పసిగట్టే డిటెక్టర్‌ను నేల నుంచి అడుగు ఎత్తులో, సిలిండర్ దగ్గర గోడకు పెట్టాలి. స్టవ్ పైన, అటక మీద పెడితే అలారం మోగేలోపే ప్రమాదం జరిగిపోతుంది. పైపు మీద తయారీ తేదీ ఉంటుంది, సురక్ష పైపైనా అయిదేళ్లకు మార్చాలి. సబ్బు నురగ రాసి కీళ్లు చూడండి, బుడగలు వస్తే లీకు. రాత్రి రెగ్యులేటర్ ఆఫ్. అలారం మోగితే ఏ స్విచ్చీ వెయ్యకూడదు, తియ్యకూడదు కూడా. రెగ్యులేటర్ ఆపి, తలుపులు తెరిచి, బయటికొచ్చాక 1906కు ఫోన్.

పాలు, కూర పాడయ్యాయో లేదో ముక్కుతో చెప్పలేదు కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టే ప్రతి గిన్నెకూ తేదీ చీటీ అంటించండి. పాలు అనుమానంగా ఉంటే గరిటెడు కాచి చూస్తే విరిగేది విరిగిపోతుంది. రుచి లేదని ఉప్పు, చక్కెర పెంచేస్తారు, ఇది నిజంగా జరిగే పొరపాటు. ఉప్పు రోజుకు మొత్తం మీద టీస్పూను దాటనివ్వకండి. బదులుగా పులుపు, కారం, కరకర: రాగి సంగటికి ఊరుబిండి, నిమ్మరసం పిండిన పప్పు, పైన వేయించిన వేరుశనగలు. ఇవి నాలుకకూ, ఆ ట్రైజెమినల్ నరానికీ తగులుతాయి.

ముక్కు_చెవి_గొంతు:
ఇంకొకటి ముందే చెప్పి పెట్టండి. కోలుకునే దశలో కాఫీ, వేయించిన ఉల్లి, వెల్లుల్లి, గుడ్డు ఒక్కసారిగా మాడిన వాసనగానో కుళ్లు కంపుగానో మారొచ్చు. దాన్ని పారోస్మియా అంటారు. రోగం ముదిరిందని భయపడి సాధన ఆపేస్తారు, చాలామందిలో అది నరం మళ్లీ మొలుస్తున్న గుర్తు. ఆ రోజుల్లో తాళింపు పక్క గదికి రాకుండా చూడండి. వేడివేడిగా కాక చల్లారాక పెట్టండి, ఆవిరితోనే కంపు ఎక్కువ. పెరుగన్నం, రాగి జావ, పండ్లు చాలామందికి ఆనుతాయి. బరువు తగ్గుతుంటే, సుగర్ మాత్ర వేసుకుని తినకుండా ఉంటుంటే మాత్రం డాక్టరుకు చెప్పండి, మోతాదు సరిచెయ్యాల్సి రావొచ్చు.

జలుబూ దెబ్బా ఏమీ లేకుండా నెమ్మదిగా వాసన తగ్గుతూ, తోడుగా నిద్రలో చేతులు కాళ్లు విసరడం, మలబద్ధకం, చెయ్యి వణకడం ఉంటే అది వేరే లైను, నరాల డాక్టరుకు చూపించాలి, తిరుపతి స్విమ్స్‌లో ఆ విభాగం ఉంది. మీ అమ్మ లక్షణాలు అటు లేవు. ఈ వారం ఎండోస్కోపీ చేయించి, ఆ ఖాళీ గిన్నె కాగితం వెంట తీసుకెళ్లండి.