డిగ్రీ లేకుండా పీణ్యాలో మంచి జీతం: సీఎన్‌సీనా, వెల్డింగా?

హిందూపురం వాసి:
మా తమ్ముడు పది పాసయ్యాడు, ఇంటర్ మధ్యలో ఆపేశాడు. బెంగళూరు పీణ్యా పారిశ్రామికవాడలో సీఎన్‌సీ (కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో లోహం కోసే మెషిన్) ఆపరేటర్‌గా రమ్మంటున్నారు. వెల్డింగ్ అయితే మేలని కొందరంటున్నారు. నాలుగైదేళ్లలో నిలదొక్కుకోవాలంటే దేనిలో చేరాలి? కోర్సుకు డబ్బు కట్టేముందు ఏం చూడాలి?

టూల్‌రూమ్:
ఆపరేటర్‌గా చేరడంలో తప్పు లేదండీ, ఆపరేటర్‌గానే ఉండిపోతేనే నష్టం. జాబ్ (చెక్కాల్సిన లోహపు ముక్క) పెట్టి, తలుపు మూసి, సైకిల్ స్టార్ట్ నొక్కడం వారంలో వచ్చేస్తుంది, అందుకే దానికి జీతం పెరగదు. కొత్త డ్రాయింగ్ చేతికిస్తే మొదటి జాబ్ సరిగ్గా తీసేవాడు సెట్టర్. డబ్బంతా ఆ పనిలోనే ఉంది.

వీఎంసీ (నిలువుగా టూల్ తిప్పే సీఎన్‌సీ మిల్లింగ్ మెషిన్) మీద ముందు, జాబ్‌ను బిగించే వైస్ దవడకు డయల్ గేజ్ పెట్టి, ఈ చివరి నుంచి ఆ చివరికి ముల్లు 0.02 మి.మీ. మించి కదలకుండా సరిచేయాలి. తర్వాత ఎడ్జ్ ఫైండర్‌తో అంచు పట్టి జీ54లో (జాబ్ సున్నా బిందువును గుర్తుంచుకునే కోడ్) ఎక్స్, వై వేయాలి. ఫైండర్ మొన 10 మి.మీ. అయితే సగం, అంటే 5, లెక్కలోకి తీసుకోవాలి. ఏ వైపు నుంచి తాకామో మరిచి కలపాల్సింది తీసేస్తే జాబ్ మొత్తం 10 మి.మీ. పక్కకు పోతుంది. ఆపైన టూల్ పొడవులు. మూడో టూల్ పిలిచి జీ43 (టూల్ పొడవు తీసుకునే కోడ్) పక్కన హెచ్3కి బదులు హెచ్5 అని రాస్తే వేరే టూల్ పొడవు పడి స్పిండిల్ జాబ్‌లోకి దిగిపోవచ్చు. అందుకే తొలి జాబ్ సింగిల్ బ్లాక్‌లో (ప్రోగ్రామ్‌లో ఒక్కో లైనుకు ఆగుతూ), రాపిడ్ (కోయకుండా కదిలే వేగం) బాగా తగ్గించి నడపాలి.

కొలతల దగ్గర కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతింటారు. 100 మి.మీ. ఉక్కు 10 డిగ్రీలు వేడెక్కితే 0.01 మి.మీ. పైగా సాగుతుంది, అల్యూమినియం అయితే దానికి రెట్టింపు. వేడి మీద కొలిచి ఆఫ్‌సెట్ (మెషిన్‌లో వేసే సవరణ) తగ్గిస్తే చల్లారాక అండర్‌సైజ్, అంటే ఉండాల్సిన కొలత కన్నా చిన్నది, అవుతుంది. ఆ ముక్క ఇక తుక్కే.

చేరేముందు ఒక్కటే అడగండి: సెట్టింగ్ ఎన్ని నెలలకు చేతికిస్తారు?

కోర్సుల సంగతి:
తీరిక ఉంటే రాజాజీనగర్‌లోని ప్రభుత్వ శిక్షణ సంస్థ జీటీటీసీలో టూల్ అండ్ డై మేకింగ్ డిప్లొమా మంచిది. పది చాలు. మూడేళ్లు చదువు, ఆపై ఏడాది కంపెనీలో శిక్షణ. పీణ్యాలో ఎన్‌టీటీఎఫ్ అనే శిక్షణ సంస్థ కూడా ఉంది. ఐటీఐలో మెషినిస్ట్, టర్నర్, ఫిట్టర్ రెండేళ్లు, వెల్డర్ ఏడాది. ప్రైవేటు సెంటరైతే మెషిన్ల లెక్క అడగండి. ఇరవై మందికి ఒకే మెషిన్, రోజుకు నాలుగు గంటల క్లాసు అంటే ఒక్కొక్కరికి దక్కేది 12 నిమిషాలు. సిమ్యులేటర్ చూపించి సరిపెట్టేచోట పైసా కట్టొద్దు.

ఆర్గాన్:
వెల్డింగ్ అంటే గేట్లు, గ్రిల్స్ దగ్గర ఆగిపోకూడదు. పైపు టిగ్‌లో (ఆర్గాన్ గ్యాస్ తెరలో టంగ్‌స్టన్ మొనతో చేసే వెల్డింగ్) 6జీ అనే టెస్ట్ పాసవ్వాలి. పైపును 45 డిగ్రీల వాలుగా బిగించేస్తారు, అది తిరగదు, వెల్డరే చుట్టూ తిరగాలి. రూట్ గ్యాప్ (రెండు పైపు చివరల మధ్య సందు) 2.5 నుంచి 3 మి.మీ., ఆర్గాన్ నిమిషానికి 8 నుంచి 12 లీటర్లు. పక్కన ఫ్యాన్ తిరిగితే ఆర్గాన్ తెర చెదిరి లోపల బుడగలు పడతాయి. టంగ్‌స్టన్ మొన కరిగిన లోహానికి తగిలితే ఎక్స్‌రే ఫిల్మ్‌లో తెల్లమచ్చ కనిపిస్తుంది.

వెల్డర్ల అర్హతకు వాడే అమెరికా కోడ్ ఏఎస్ఎంఈ సెక్షన్ 9 ప్రకారం ఆరు నెలలు ఆ పద్ధతిలో వెల్డింగ్ చేయకపోతే అర్హత పోతుంది. కాబట్టి చేసిన పనికి రికార్డు రాయించుకుంటూ ఉండాలి. పది సర్టిఫికెట్ భద్రం. గల్ఫ్ వెళ్లాలనుకుంటే, అది ఉన్నవాళ్ల పాస్‌పోర్ట్‌లో ఈసీఆర్ (వలస అనుమతి తీసుకోవాలనే ముద్ర) పడదు. ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైటులో ఉందో లేదో చూడకుండా డబ్బు ఇవ్వకండి.

హిందూపురం వాసి:
రోజుకు పన్నెండు గంటల షిఫ్ట్ అంటున్నారు. జీతం అందుకు కలిపే చెబుతున్నారా?

టూల్‌రూమ్:
చాలాచోట్ల కలిపే చెబుతారు. ఎనిమిది గంటలకు ఎంతో విడిగా అడగండి. ఫ్యాక్టరీలో ఓటీకి రెట్టింపు రేటు ఇవ్వాలని చట్టం. పీఎఫ్, ఈఎస్ఐ కోత జీతం స్లిప్పులో కనపడాలి. స్లిప్ ఇవ్వబోమంటే వేరే షెడ్ చూసుకోండి.