స్కాట్లండ్ నోట్లను ఇంగ్లండ్ దుకాణాల్లో తీసుకోకపోతే ఏం చేయాలి?

ప్రశ్న – బర్మింగ్‌హామ్ నుంచి

అందరికీ నమస్కారం. గ్లాస్గోలో ఎం.ఎస్సీ. పూర్తిచేసి, ఉద్యోగం కోసం మూడు వారాల కిందట బర్మింగ్‌హామ్‌కు వచ్చాను. గది ఖాళీ చేసేటప్పుడు మంచం, సైకిలు, వంటసామాను జూనియర్లకు అమ్మగా వచ్చిన 380 పౌండ్లు నా దగ్గర నగదుగానే ఉన్నాయి. అవన్నీ స్కాట్లండ్ బ్యాంకుల నోట్లు. మొన్న శనివారం బియ్యం, పప్పులు కొని క్లైడ్స్‌డేల్ బ్యాంకు వారి 20 పౌండ్ల నోటు ఇస్తే, దుకాణదారు దానిని వెలుతురుకు పట్టి చూసి, ఇక్కడ చెల్లదని తిరిగి ఇచ్చేశారు. నా వెనక నిలబడినవారు నేనేదో దొంగనోటు మార్చడానికి వచ్చినట్టు చూశారు. కార్డుతో డబ్బు కట్టి బయటపడ్డాను గానీ, చాలా బాధ కలిగింది. ఇంటి యజమాని కూడా అడ్వాన్సు కింద ఈ నోట్లు వద్దన్నారు.

నోటు మీద పౌండ్ స్టెర్లింగ్ అని స్పష్టంగా ఉన్నప్పుడు నిరాకరించే హక్కు దుకాణానికి ఉంటుందా? సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు హైదరాబాద్‌లో మార్చుకోవడం మంచిదా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సమాధానం – ఎడిన్‌బరో నుంచి

మీ నోట్లు పూర్తిగా మంచివి, విలువలో ఒక్క పెన్నీ కూడా తక్కువ కావు. స్కాట్లండ్‌లో బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్, రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్, క్లైడ్స్‌డేల్ అనే మూడు బ్యాంకులకు సొంత నోట్లు వేసే అధికారం ఉంది. ఉత్తర ఐర్లండ్‌లోనూ ఇలాంటి బ్యాంకులు ఉన్నాయి. 2009 నాటి బ్యాంకింగ్ చట్టం ప్రకారం, ఈ బ్యాంకులు తాము చెలామణీలో పెట్టిన నోట్ల మొత్తానికి సరిపడా హామీ నిధులను ఎల్లప్పుడూ కేటాయించి ఉంచాలి. ఇందుకోసమే బ్రిటన్ కేంద్ర బ్యాంకైన బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ 10 లక్షల పౌండ్ల నోట్లను, 10 కోట్ల పౌండ్ల నోట్లను కూడా తయారుచేసింది. అవి ప్రజల చేతికి రావు, కేవలం ఈ లెక్క కోసమే ఉంటాయి.

ఇక హక్కు సంగతి. చట్టబద్ధ చెలామణీ (లీగల్ టెండర్) అనే మాటను మనవాళ్లు చాలామంది పొరపాటుగా అర్థం చేసుకుంటారు. ఉన్న బాకీని ఆ ద్రవ్యంతో పూర్తిగా చెల్లించడానికి సిద్ధపడినవారి మీద, బాకీ కట్టలేదని దావా వేసి గెలవడం కుదరదన్నదే దాని అర్థం. దుకాణంలో బేరం ఇంకా ముగియలేదు కాబట్టి బాకీ కూడా లేదు. ఏ నోటు తీసుకోవాలో, అసలు నగదు తీసుకోవాలో లేదో దుకాణదారు ఇష్టం. అంతేకాదు, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ నోట్లు సైతం ఇంగ్లండ్, వేల్స్‌లలో మాత్రమే చట్టబద్ధ చెలామణీ. స్కాట్లండ్‌లో ఆ హోదా ఏ కాగితానికీ, ఏ పాలిమర్ (ప్లాస్టిక్) నోటుకూ లేదు, నాణేలకు మాత్రమే ఉంది. అయినా ఇక్కడ అందరూ అన్ని నోట్లనూ మారుమాట లేకుండా తీసుకుంటారు.

ఈ నోట్లంటే ఇక్కడివారికి ఎంత అభిమానమో మీరూ గమనించి ఉంటారు. 1826లో 5 పౌండ్ల కంటే చిన్న నోట్లను నిషేధించాలని లండన్ ప్రభుత్వం తలపెట్టినప్పుడు, ఇక్కడి నవలాకారుడు వాల్టర్ స్కాట్ మారుపేరుతో పత్రికకు లేఖలు రాసి ఎదిరించాడు. స్కాట్లండ్ వరకు ఆ ప్రయత్నం ఆగిపోయింది. బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్ నోట్ల మీద ఆయన బొమ్మ ఉండడం నాకు ఎంతో సముచితంగా అనిపిస్తుంది.

సమాధానం – లెస్టర్ నుంచి

తమ్ముడూ, నేను నాలుగేళ్లుగా ఒక చిన్న దుకాణంలో గల్లాపెట్టె దగ్గర పనిచేస్తున్నాను, కాబట్టి అటువైపు నుంచి చెబుతాను. మూడు బ్యాంకులు, ఒక్కొక్క దానికి వేర్వేరు రూపాల నోట్లు. నెలకొకసారి కూడా కనబడని నోటులో అసలేదో నకిలీ ఏదో గుర్తుపట్టడం కష్టం. నకిలీ అని తేలితే ఆ నష్టం కొన్నిచోట్ల పనిచేసేవాడి మీదే పడుతుంది. పైగా ఆ నోటును చిల్లరగా ఇస్తే తరువాతి గ్రాహకుడు పుచ్చుకోడు. మిమ్మల్ని అవమానించాలని ఆయన అలా అని ఉండరు.

సామాను బిల్లు వేయించకముందే, ఈ నోటు తీసుకుంటారా అని అడగండి. స్వయంగా బిల్లు వేసుకునే యంత్రాలలో కొన్ని ఈ నోట్లను తీసుకోవు, మనిషి ఉన్న కౌంటరుకే వెళ్లండి. అన్నిటికంటే తేలిక మార్గం, మొత్తం డబ్బును మీ బ్యాంకు కౌంటరులోగానీ, కార్డు తీసుకొని పోస్టాఫీసుకు వెళ్లిగానీ మీ ఖాతాలో వేసుకోవడం.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. వాటిలో ఒక 100 పౌండ్ల నోటు, ఒక పాత కాగితపు 20 పౌండ్ల నోటు కూడా ఉన్నాయి. వాటి సంగతేమిటి?

సమాధానం – ఎడిన్‌బరో నుంచి

బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌కు 100 పౌండ్ల నోటే లేదు, అందువల్ల ఇంగ్లండ్‌లో దానిని చూస్తేనే కంగారు పడతారు. దుకాణంలో ప్రయత్నించకుండా నేరుగా ఖాతాలో వేయండి. కాగితపు 20, 50 పౌండ్ల నోట్లను 2022 సెప్టెంబర్ 30 తరువాత చెలామణీ నుంచి తొలగించారు, కాబట్టి దానిని తిరస్కరించడం న్యాయమే. అయినా డబ్బు పోదు. ఆ నోటు ఏ బ్యాంకుదో ఆ బ్యాంకు మార్చి ఇస్తుంది.

సమాధానం – హైదరాబాద్ నుంచి

బాబూ, హైదరాబాద్‌కు తెచ్చి మార్చుకోవాలనే ఆలోచన మానుకో. మా అబ్బాయి రెండేళ్ల కిందట ఇలాగే తెస్తే, మూడు చోట్ల వద్దన్నారు, నాలుగో చోట బాగా తక్కువ ధర చెప్పారు. చివరికి తిరిగి పట్టుకెళ్లాడు.

నీ అనుభవం చదివితే మా తాతగారు చెప్పిన మాటలు గుర్తుకొచ్చాయి. వాళ్లది మధిర పక్కన పల్లె, నిజాం సంస్థానం. అక్కడ నిజాం సొంత నాణెమైన హాలీ సిక్కా, బెజవాడ వెళ్తే బ్రిటిష్ ఇండియా రూపాయి అయిన కల్దారు. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు రూపాయలతో సమానం. నిజాం నోట్ల మీద తెలుగు అక్షరాలు ఉన్నా, బెజవాడ అంగళ్లలో వాటిని మార్చుకోకుండా సరుకు కొనడం కష్టమయ్యేదని ఆయన చెప్పేవారు. హాలీ సిక్కా 1959లో పూర్తిగా రద్దయింది. ఇప్పటికీ మన ఊళ్లలో 10 రూపాయల నాణెం చూడు. 14 రకాల నమూనాలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలోనే ప్రకటించినా, తీసుకోని దుకాణాలు ఉన్నాయి. అక్కడి దుకాణదారుకు నిరాకరించే వీలు ఉంది. ఇక్కడ చట్టబద్ధమైన నాణేన్నే వెనక్కి ఇస్తున్నారు. నాకు ఇదే ఎక్కువ బాధ కలిగిస్తుంది.

ప్రశ్న అడిగినవారు

ఈ రోజు బ్యాంకు కౌంటరుకు వెళ్లాను. 100 పౌండ్ల నోటుతో సహా 360 పౌండ్లు ఏ అభ్యంతరమూ లేకుండా ఖాతాలో జమ చేసుకున్నారు. కాగితపు నోటు రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్ వారిది. దానిని వచ్చే నెల గ్లాస్గోకు పట్టా తీసుకోవడానికి వెళ్లినప్పుడు ఆ బ్యాంకులోనే మార్చుకుంటాను.